మోటారు విప్పే ముందు సప్లై చూడాలి: అమ్మ, నేను, 24 వారాల జ్ఞాపకశక్తి డైరీ

నెల్లూరు స్టోన్‌హౌస్‌పేటలో నాకు మోటారు వైండింగ్ షాపు ఉంది. నా వయసు 49, అమ్మకు 71. ఆగస్టు మొదటి సోమవారం నుంచి సంక్రాంతి దాకా ఇద్దరం కలిసి నడక, మెదడు సాధన, ధ్యాస నిలిపే అభ్యాసం చేశాం. జ్ఞాపకశక్తి మీద వాటి ప్రభావం ఎంతో వారం వారం కొలిచి రాసుకున్నాం. ఎందుకు మొదలుపెట్టామో, మొదట్లో ఎంత హుషారుగా ఉన్నామో ఇక్కడ రాయడం లేదు. ఇంట్లో పెద్దవాళ్లతో ఇదే పని చేయాలనుకునేవాళ్లకు మా కొలతలు, మా పొరపాట్లు పనికొస్తాయి. అవే రాస్తున్నా.

పరీక్ష పెట్టేది మా ఆవిడ. ఆమెకు కుదరని వారం పదో తరగతి చదివే మా అబ్బాయి. ఈ చిన్న విషయమే తర్వాత మొత్తం కథ మార్చింది.

దశ 0: ముందు కొలతబద్ద

మతిమరుపు అనగానే బూట్లు కొనకండి, ముందు డాక్టరు దగ్గరికి వెళ్లండి. మన దేశంలో 60 దాటినవాళ్లలో 7.4 శాతం మందికి డిమెన్షియా (మతి క్రమంగా క్షీణించే జబ్బు) ఉందని 2023లో వచ్చిన అధ్యయనం లెక్కగట్టింది. అమ్మకు అది ఉందో లేదో ఇంట్లో కూర్చుని నేను తేల్చగలిగేది కాదు. డాక్టరు గారు థైరాయిడ్, బీ12, షుగరు, బీపీ చూశారు, ఒక చిన్న జ్ఞాపక పరీక్ష పెట్టారు. రక్త పరీక్షలు మామూలుగానే వచ్చాయి. పట్టుబడిందల్లా అమ్మ దురదకని మూడేళ్లుగా రాత్రిపూట చీటీ లేకుండా తెచ్చుకుని మింగుతున్న అలర్జీ మాత్ర. పాతరకం అలర్జీ మాత్రలు మత్తు తెస్తాయి. జ్ఞాపకానికి కావలసిన ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనం పనికి అడ్డుపడతాయి. పెద్దవయసులో ఆ ప్రభావం ఇంకా ఎక్కువ. డాక్టరు వేరే మందు రాశారు.

మందు మారాక రెండు వారాలు ఆగి అప్పుడు మొదటి కొలత తీసుకున్నాం. ఆగకుండా మొదలుపెట్టి ఉంటే ఆ మాత్ర మానిన లాభమంతా నడక ఖాతాలో పడేది.

సామాన్లు: 200 పేజీల నోటుబుక్కు, షాపులోని 30 మీటర్ల టేపు, ఫోన్లో స్టాప్‌వాచ్, ఒక గిన్నెడు చింతపిక్కలు (ఎందుకో దశ 4లో వస్తుంది).

ఆదివారం పరీక్ష, టిఫిన్ అయ్యాక పది గంటలకు:

1. ఇంట్లో వాడే 15 మాటలు, క్షణానికి (సెకనుకు) ఒకటి చొప్పున, రెండుసార్లు చదవాలి.
2. తర్వాత 20 నిమిషాలు వేరే పని. టీవీ చూడకూడదు, మాటల పని అసలే వద్దు. అమ్మ చిక్కుడుకాయలు ఒలిచేది.
3. గుర్తున్నవి చెప్పాలి. అందివ్వకూడదు, తలూపకూడదు. చెప్పినవన్నీ రాయాలి, తప్పులతో సహా.
4. అంకెలు వెనకనుంచి చెప్పడం: 4-7-2 అంటే 2-7-4. ఎన్ని అంకెల దాకా నిలబడితే అంత.
5. నెలకోసారి ఆరు నిమిషాల్లో ఎన్ని మీటర్లు నడిచామో కొలవాలి.

మూడో అడుగులో ఆ చివరి మాట, తప్పులతో సహా రాయడం, మా ఆవిడ పట్టుబట్టి పెట్టింది. అది లేకపోతే ఈ డైరీకి విలువే లేదు.

మొదటి కొలత: అమ్మకు 15లో 4, నాకు 8. వెనక అంకెలు అమ్మ 3, నేను 5. ఆరు నిమిషాల నడక అమ్మ 290 మీటర్లు, నేను 510.

ఖర్చు ఇప్పటిదాకా: రక్త పరీక్షలు 1,150, నోటుబుక్కు 60. మొత్తం రూ. 1,210.

దశ 1 (వారం 1–4): నడక, రెండు తప్పులు

నేను నమ్ముకున్నది 2011లో కిర్క్ ఎరిక్సన్ బృందం అచ్చువేసిన పరిశోధన. 55 నుంచి 80 ఏళ్ల మధ్య ఉన్న 120 మందిని రెండు గుంపులు చేశారు. ఒక గుంపు ఏడాదిపాటు వారానికి మూడు రోజులు, రోజుకు 40 నిమిషాలు చురుగ్గా నడిచింది. రెండో గుంపు ఒళ్లు సాగదీసే వ్యాయామాలు చేసింది. మెదడులో కొత్త జ్ఞాపకాలు నమోదయ్యే హిప్పోక్యాంపస్ అనే భాగం నడిచినవాళ్లలో దాదాపు 2 శాతం పెరిగింది, రెండో గుంపులో 1.4 శాతం తగ్గింది. ఆ వయసులో మామూలుగా తగ్గుతూ పోయే భాగం అది. పెరుగుదలకూ రక్తంలో బీడీఎన్‌ఎఫ్ అనే ప్రొటీన్‌కూ సంబంధం కనిపించింది. నాడీకణాలు నిలదొక్కుకోవడానికి, కొత్త కొమ్మలు వేయడానికి ఆ ప్రొటీన్ తోడ్పడుతుంది.

40 నిమిషాలన్నారు కదా అని మొదటి రోజే అమ్మను స్వర్ణాల చెరువు కట్ట మీద 40 నిమిషాలు నడిపించా. ఒకరోజు ఆగి మళ్లీ 40. మూడోనాటికి కుడి మోకాలు వాచింది. రెండో వారం నడక సున్నా.

తప్పు నాది. ఆ పరిశోధన సారాంశం చదివి ఆపేశా. లోపల రాసే ఉంది: వాళ్లు 10 నిమిషాలతో మొదలుపెట్టి, వారానికి 5 పెంచుకుంటూ ఏడో వారానికి 40కి చేరారు. కొత్తగా చుట్టిన మోటారుకు మొదటి నిమిషంలోనే నిండు లోడు ఇవ్వకూడదని షాపులో కుర్రాళ్లకు చెప్పేవాణ్ణి, అమ్మ దగ్గర ఆ మాటే మరిచా. అమ్మ నొప్పిని నాకంటే ముందు మా ఆవిడ కనిపెట్టింది. మెట్టు దిగేటప్పుడు గోడ పట్టుకుంటోందని చెప్పింది. అమ్మ మాత్రం ఒక్క మాట అనలేదు. అది ఇప్పటికీ నాకు బాధే.

మార్చినవి:

1. ఫిజియోథెరపిస్టు దగ్గర మూడు సిట్టింగులు. కుర్చీలోంచి చేతులు ఆనించకుండా పదిసార్లు లేచి కూర్చోవడం నేర్పారు. అది రోజూ.
2. నడక 12 నిమిషాలతో మళ్లీ మొదలు, వారానికి 5 రోజులు, వారానికి 2 నిమిషాలు పెంపు.
3. చెప్పులు మాని మెత్తటి బూట్లు.
4. ఐదున్నరకల్లా కట్ట మీద ఉండాలి. ఆగస్టులోనూ ఆరున్నర దాటితే ఎండ కాల్చేస్తుంది.
5. వేగానికి కొలత: మాట్లాడగలగాలి, పాడలేకపోవాలి. అమ్మకు ఇది బాగా నచ్చింది. ఒక కీర్తన పల్లవి ఎత్తుకుని చూసేది, అందుకోగలిగితే కాస్త వేగం పెంచేది.

రెండో తప్పు పరీక్షది. మొదటి మూడు వారాలు అవే 15 మాటలు చదివించా. అమ్మకు 6, 8, 9 వచ్చాయి. మోకాలి నొప్పితో ఇంట్లో కూర్చున్న వారం కూడా మార్కు పెరిగింది! అక్కడే అనుమానించాల్సింది. నాలుగో వారం మా ఆవిడ కొత్త జాబితా రాసింది. అబ్బాయి చదివాడు. 4. ఉన్నచోటికే వచ్చాం. అమ్మ ఆ మాటల్ని కంఠస్థం చేసిందంతే. పైన చెప్పిన పరిశోధనలోనూ జ్ఞాపక పరీక్ష మార్కులు రెండు గుంపులకూ పెరిగాయి. హిప్పోక్యాంపస్ పెరిగిన గుంపు మార్కుల్లో రెండోదాన్ని దాటలేదు. పరీక్ష అలవాటు కావడం ఎంత బలమైనదో దాన్నిబట్టి తెలుస్తుంది. ఆ రాత్రే మా ఆవిడ మరో 20 జాబితాలు రాసిపెట్టింది, ఒకసారి వాడింది మళ్లీ వాడకుండా.

నడక ఇప్పటిదాకా: అమ్మ 210 నిమిషాలు, నేను 600.
ఖర్చు: బూట్లు 1,400, ఫిజియో 900. మొత్తం రూ. 3,510.

దశ 2 (వారం 5–8): ఫోన్ ఆటలు

ఇది క్లుప్తంగా చెప్తా. మెదడుకు పదునంటూ వచ్చే ఫోన్ ఆటల్లో ఒకటి కొన్నాం. రోజూ 20 నిమిషాలు. నాలుగు వారాల్లో ఆటలో నా స్కోరు రెట్టింపు దాటింది, అమ్మది కూడా బాగా పెరిగింది. ఆదివారం జాబితాలో నాకు 8, 9, 8, 8. వెనక అంకెలు కదల్లేదు. షాపులో ఎవరి మోటారుకు ఏం చెప్పారో మరిచిపోవడం అలాగే ఉంది.

ఇది ముందే తెలిసి ఉండాల్సింది. అమెరికాలో 65 దాటిన 2,800 మందికి పైగా మీద జరిగిన యాక్టివ్ అనే పెద్ద పరిశోధన ఫలితాలు 2002లోనే వచ్చాయి. జ్ఞాపకానికి శిక్షణ ఇస్తే జ్ఞాపకం, తర్కానికి ఇస్తే తర్కం, వేగానికి ఇస్తే వేగం మెరుగయ్యాయి. ఒకదానిలో సాధన ఇంకోదానిలోకి పెద్దగా పాకలేదు. ఆట ఆడితే ఆట వస్తుంది. ఆపేశాం.

నాకు అర్థం కానిది అమ్మ వరస: 7, 4, 3, 6. అన్నీ కొత్త జాబితాలే, రోజు అదే, గంట అదే. నిద్ర తక్కువైందా, ఉపవాసమా, షుగరా అని ఒక్కోదానికీ ఒక్కో గడి గీశా. ఏదీ అతకలేదు.

నడక ఇప్పటిదాకా: అమ్మ 580, నేను 1,240.
ఖర్చు: ఆట చందా 499. మొత్తం రూ. 4,009.

దశ 3 (వారం 9–12): ఫాల్టు దొరికింది

తొమ్మిదో వారం 4, పదో వారం 7. ఆ ఆదివారం రాత్రి షాపు మూసి వచ్చి పాత పేజీలన్నీ తిరగేశా. మోటారు ఒకసారి నడిచి ఒకసారి ఆగుతుంటే మేం మోటారు విప్పం. ఆగినప్పుడు ఏముందో, నడిచినప్పుడు ఏముందో పక్కపక్కన రాస్తాం. అలాగే రాశా.

7, 6, 7 వచ్చిన మూడు వారాలూ చదివింది మా ఆవిడ. 4, 3, 4 వచ్చిన మూడు వారాలూ చదివింది అబ్బాయి.

నా మార్కుల్లో ఎవరు చదివినా తేడా లేదు. అప్పుడు అమ్మ చెప్పిన తప్పు మాటలు చూశా. ఇన్నాళ్లూ వాటిని తప్పులుగానే లెక్కపెట్టి వదిలేశా, ఒక్కసారి కూడా చదవలేదు. జాబితాలో ఉన్న మాట ఎడమవైపు, అమ్మ చెప్పింది కుడివైపు రాస్తే ఇలా వచ్చింది:

సంచి — కంచి
కత్తి — వత్తి
చాట — మాట
తాళం — మేళం

పెన్ను పక్కన పెట్టేసి చాలాసేపు ఆ నాలుగు వరసల్నే చూస్తూ కూర్చున్నా. మతిమరుపు ఉన్న మనిషి 20 నిమిషాల తర్వాత "మేళం" అని ఎక్కణ్ణుంచి తెస్తుంది? అమ్మ దాన్ని విన్నది, దాచుకుంది, అడిగితే తీసి ఇచ్చింది. ఆమెకు చేరిందే అది.

మర్నాడు పొద్దున అడిగా. "అమ్మా, పోయిన వారం నువ్వు కంచి అన్నావు. అందులో ఉంది సంచి."

"కంచే కదరా నాయనా అబ్బాయి చెప్పింది? పట్టుచీరల కంచి. నేనేమన్నా మార్చి చెప్పానా?"

మా ఆవిడ చదివేటప్పుడు అత్తకు ఎదురుగా కూర్చుని, మొహం చూస్తూ చదువుతుంది. అబ్బాయి తల దించి, పుస్తకంలోకి గొణుగుతాడు. అమ్మ పెదవులు చూసి సగం మాటలు అందుకుంటోందని మాలో ఎవరికీ తట్టలేదు. పగలంతా గ్రైండర్ మోతలో ఉండి నేను ఇంట్లోనూ గట్టిగానే మాట్లాడతా, కాబట్టి నాతో ఆమెకు ఇబ్బందే ఉండదు. "చెప్పా కదమ్మా, మళ్లీ మరిచావా" అని ఎన్నిసార్లు అన్నానో! ఆ చెప్పింది ఆమెకు చేరనేలేదు.

నిర్ధారణకు, డబ్బు ఖర్చు పెట్టకముందు, ఇలా చేశాం:

1. కొత్త జాబితా 15 మాటలు అట్టముక్కల మీద పెద్ద అక్షరాలతో రాశాం. అమ్మ ఐదో తరగతి దాకా చదువుకుంది, కళ్లద్దాలతో హాయిగా చదువుతుంది.
2. ఒక్కో అట్ట రెండు క్షణాలు చూపించాం. నోటితో ఏమీ చెప్పలేదు.
3. అవే 20 నిమిషాలు, అవే చిక్కుడుకాయలు.
4. మార్కు 8. నాలుగు రోజుల తర్వాత మరో జాబితాతో 7.

అంటే ఇన్ని వారాలూ నేను కొలిచింది చెవినే. జ్ఞాపకం అనుకుని రాసుకుంటూ వచ్చా.

చెవి డాక్టరు ఒక చెవిలో గట్టిపడిన గుబిలి తీశారు. ఆడియోగ్రామ్‌లో కుడి 48, ఎడమ 52 డెసిబెల్స్ వినికిడి లోటు వచ్చింది, పైస్థాయి ధ్వనుల దగ్గర ఇంకా ఎక్కువ నష్టం. స, చ, త, క లాంటి శబ్దాల పదును అక్కడే ఉంటుంది. మా నాలుగు వరసల్లో పోయినవి సరిగ్గా ఆ నాలుగే.

డిమెన్షియా మీద లాన్సెట్ అనే వైద్య పత్రిక వేసిన కమిషన్ 2024లో సరిదిద్దుకోదగ్గ 14 కారణాలు చెప్పింది. వాటన్నిటినీ అదుపు చేయగలిగితే దాదాపు 45 శాతం కేసులు ఆపడమో వాయిదా వేయడమో సాధ్యమని అంచనా. వ్యాయామం లేకపోవడం, బీపీ, షుగరు, ఒంటరితనంతో పాటు వినికిడి తగ్గడం కూడా అందులో ఉంది. సరిగ్గా వినపడనప్పుడు మాట పోల్చుకోవడానికే మెదడు శక్తి ఖర్చవుతుంది, దాచుకోవడానికి మిగిలేది తక్కువ. మనుషుల్లోకి వెళ్లడమూ తగ్గిపోతుంది. అలాగని వినికిడి మిషను మతిమరుపుకు మందని చెప్పను. 2023లో వచ్చిన అచీవ్ అనే పరిశోధనలో 70 నుంచి 84 ఏళ్ల 977 మందిని మూడేళ్లు చూస్తే, మొత్తం మీద తేడా తేలలేదు. ముందే ముప్పు ఎక్కువున్న గుంపులో మాత్రం మెదడు చురుకు తగ్గే వేగం 48 శాతం నెమ్మదించింది. మేం కొన్నది అమ్మకు మాట వినపడటానికి. ఆ కారణం ఒక్కటి చాలు.

మిషను అలవాటు ఎలా సాగిందంటే: మొదటి రోజు 40 నిమిషాలు, తీసి అల్మారాలో పెట్టేసింది. ఫ్యాను చప్పుడు, కుక్కరు కూత, వీధిలో ఆటో హారన్లు అన్నీ ఒకేసారి మీదపడ్డాయట. సెట్టింగు కోసం మూడుసార్లు తిరిగాం. మూడోసారికి అసలు ఫిర్యాదు చెప్పింది: "నా గొంతే నాకు బిందెలోంచి మాట్లాడినట్టుందబ్బా." అది మార్చాక రోజుకు 3 గంటలు, నెల తిరిగేసరికి 9 గంటలు. కొనేవాళ్లు సెట్టింగు ఎన్నిసార్లు ఉచితంగా చేస్తారో ముందే మాట్లాడుకోండి, అది ధరకంటే ముఖ్యం.

నడక ఇప్పటిదాకా: అమ్మ 990 (ఆసుపత్రి తిరుగుళ్లతో 12వ వారం 60 నిమిషాలే), నేను 1,800.
ఖర్చు: డాక్టరు, ఆడియోగ్రామ్ 1,300, మిషన్ల జత 38,000. మొత్తం రూ. 43,309.

దశ 4 (వారం 13–16): వాన, చింతపిక్కలు

15వ వారం, నవంబరు నడిమి. మన జిల్లాకు అసలు వాన వచ్చేది ఈశాన్య రుతుపవనాలతోనే కదా, వారమంతా కట్ట మీద అడుగు పెట్టలేదు. 16వ వారం ఇంట్లోనే నడిచాం. వరండా నుంచి వంటగది దాకా టేపు పెడితే 11 మీటర్లు. రోజుకు 15 నిమిషాలు, మలుపుల దగ్గర అమ్మ తూలకుండా రెండు కుర్చీలు. ఇది ముందే చేసి ఉంటే 15వ వారం సున్నా అయ్యేది కాదు.

ఈ దశలో అసలు పని ధ్యాస. ఆసుపత్రుల్లో ఇప్పుడు వాడుతున్న ఎనిమిది వారాల పద్ధతిని 1979లో జాన్ కబాట్-జిన్ అమెరికాలో మొదలుపెట్టారు. నేను తీసుకున్నది అందులోంచి ఒక్క ముక్క: ఊపిరిని 1 నుంచి 10 దాకా లెక్కపెట్టడం, తప్పిపోతే మళ్లీ 1. పది నిమిషాలు. లెక్క తప్పిన ప్రతిసారీ ఎడమ గిన్నెలోంచి ఒక చింతపిక్క కుడి గిన్నెలోకి. కళ్లు మూసుకునే వేలితో తడిమి వేయవచ్చు, నున్నగా ఉండి చేతికి తెలుస్తుంది.

నా మొదటి వారం: రోజుకు 4, 3, 2, 2, 1 పిక్కలు. అద్భుతం అనుకున్నా. ఐదో రోజు మా ఆవిడ లేపింది. మధ్యాహ్నం భోజనం అయ్యాక కూర్చోవడంతో కునుకు పట్టేస్తోంది, నిద్రలో లెక్క ఎవరు తప్పుతారు! పొద్దున నడకయ్యాక, స్నానం చేసి కూర్చోవడం మొదలుపెట్టా. ఆ వారం 11, 14, 13, 16, 15. ఇది అసలు లెక్క. పెరగడం చూసి దిగులు పడొద్దు. మనసు జారిన సంగతి పట్టుకున్నప్పుడే కదా పిక్క పడేది. మొదట్లో జారి రెండు నిమిషాలు ఊరంతా తిరిగొచ్చినా ఒక్క పిక్కే. కాబట్టి పిక్కల సంఖ్యకంటే పదిదాకా చేరిన వరసల సంఖ్య రాసుకోవడం మేలని తేలింది. 14వ వారం రోజుకు 2 వరసలు, 16వ వారం 6.

అమ్మ దగ్గర ఈ పద్ధతి నడవలేదు. "ముప్పై ఏళ్లుగా జపం చేస్తున్నా, నాకు చింతపిక్కలు ఎందుకురా" అంది. సరే, జపమే చేయమన్నా, మాల తిప్పాక మనసు ఎక్కడుందో చెప్పమన్నా. మూడు మాలలు తిప్పి వచ్చి, కాసేపు ఆలోచించి చెప్పింది: "వేళ్లు తిరిగాయి నాయనా. నేను మాత్రం మీ మేనమామ ఇంటి గొడవలో ఉన్నా." ఆ రోజు నుంచి మూడు మాలలు ఒకటి చేసింది. ప్రతి పూసకూ వేలు ఆపి, నామం పూర్తయ్యాకే జరపడం. 108 పూసలకు మొదట 9 నిమిషాలు పట్టేది, ఇప్పుడు 14.

షాపులో కొలత: ఏరేటర్ (గుంట నీళ్లలో గాలి కలిపే యంత్రం) మోటార్లకు కాయిల్ చుట్టేటప్పుడు నేను నోటితో టర్న్స్ (తీగ చుట్లు) లెక్కపెడతా, మిషను మీద కౌంటర్ వేరేగా తిరుగుతుంది. ముత్తుకూరు, ఇందుకూరుపేట వైపు రొయ్యల గుంటల నుంచి వచ్చే మోటార్లే నా పనిలో ఎక్కువ. 20 కాయిళ్లలో నా నోటి లెక్క కౌంటర్‌తో కలవనివి: 13వ వారం 6, 16వ వారం 3. అయితే 15వ వారంలోనే చుట్టేటప్పుడు ఫోను సొరుగులో పెట్టడం కూడా మొదలైంది. ఈ రెండిట్లో దేనివల్లో చెప్పలేను. రెండు స్విచ్‌లు ఒకేసారి వేశా. మీరు ఒక్కోటిగా వేయండి.

ఇంకొకటి కూడా రాసి తీరాలి. 2022లో 65 నుంచి 84 ఏళ్ల మధ్య ఉండి, మతి తగ్గుతోందని అనిపిస్తున్న 585 మంది మీద సరిగ్గా ఈ రెండింటినీ పరీక్షించారు. ధ్యాస అభ్యాసం, వ్యాయామం, రెండూ కలిపి, కేవలం ఆరోగ్య పాఠాలు, ఇలా నాలుగు గుంపులు, 18 నెలలు. ఆరోగ్య పాఠాలు విన్న గుంపుకంటే మిగతా గుంపులు జ్ఞాపకంలో మెరుగుపడలేదు. ఇది చదివిన రోజు నాకు ఉత్సాహం చచ్చిపోయింది. నడక మానేద్దామా అని మా ఆవిణ్ణి అడిగా. "అత్తమ్మ మోకాలు పట్టుకోకుండా మెట్లు దిగుతోంది, మీరు పదింటికే నిద్రపోతున్నారు. ఆ లెక్క ఏ గడిలో రాశారు?" అంది. ఆ గడి లేదు. ఆ రోజే గీశా.

నడక ఇప్పటిదాకా: అమ్మ 1,315, నేను 2,200.
ఖర్చు: ఏమీ లేదు. మొత్తం రూ. 43,309.

దశ 5 (వారం 17–20): చూసి చదవడం ఆపి, మూసి చెప్పడం

నా బాధ అంతా ఒకటే, ఎవరి మోటారు, ఏ ఊరు, ఏం ఫాల్టు. జాబ్ చీటీ మీద రాసే ఉంటుంది, కానీ రైతు ఫోను చేస్తే చీటీ వెతికేదాకా గుర్తురాదు. చీటీలు రోజూ సాయంత్రం మళ్లీ చదువుకునేవాణ్ణి, లాభం లేదు.

1885లో ఎబ్బింగ్‌హాస్ అనే జర్మన్ శాస్త్రవేత్త తన మీదే ప్రయోగం చేసుకుని చూపించాడు: నేర్చుకున్నది మొదటి గంటల్లోనే గబగబా జారిపోతుంది, తర్వాత జారే వేగం తగ్గుతుంది. 2006లో రోడిగర్, కార్పికీ చేసిన ప్రయోగంలో, మళ్లీ మళ్లీ చదివిన విద్యార్థులు ఐదు నిమిషాల తర్వాత పెట్టిన పరీక్షలో ముందున్నారు. చూడకుండా గుర్తుచేసుకున్నవాళ్లు వారం తర్వాత ముందున్నారు. అవధానుల ధారణ గురించి విని పెరిగిన మనకు, ఎక్కాలు అప్పజెప్పిన మనకు ఇది కొత్త సంగతేమీ కాదు. బడి వదిలాక అప్పజెప్పడం మానేశాం, అంతే.

చేసింది:

1. రైతు వెళ్లగానే చీటీ బోర్లించి పేరు, ఊరు, ఫాల్టు పైకి చెప్పడం. తప్పితే తిప్పి చూడటం.
2. అదే సాయంత్రం ఒకసారి. తర్వాత 1వ, 3వ, 7వ రోజు.
3. గుర్తురాకపోతే కనీసం పది క్షణాలు తంటాలు పడాలి, అప్పుడే చూడాలి.
4. పేరుకు ఒక గుర్తు తగిలించడం: మనిషి మొహమో, మోటారు మీద సొట్టో.

ముందు: మూడు రోజుల తర్వాత 10 చీటీల్లో 3. నాలుగు వారాలకు 10లో 7. వెనక అంకెలు మాత్రం 5 దగ్గరే. అంటే మొత్తం జ్ఞాపకశక్తి పెరగలేదు, చీటీలు గుర్తుండటం పెరిగింది. నాకు కావలసిందీ అదే కాబట్టి ఇది లాభం కిందే రాశా.

అమ్మ వారానికో కొత్త శతక పద్యం ఇదే పద్ధతిలో నేర్చుకుంది. మనవడు ఎదురుగా కూర్చుని చదివేవాడు, తల ఎత్తి. 17వ వారం పద్యానికి నాలుగు రోజులు పట్టింది, 20వ వారం పద్యానికి రెండు. వాణ్ణి ఇంగ్లిషు పాఠం అప్పజెప్పమని ఆమె కూర్చోబెట్టడం కూడా అప్పుడే మొదలైంది.

నడక ఇప్పటిదాకా: అమ్మ 1,835, నేను 2,840.
ఖర్చు: అట్టముక్కలు 80. మొత్తం రూ. 43,389.

దశ 6 (వారం 21–24): చివరి కొలతలు

24వ వారం ఆదివారం పరీక్షను రెండు రోజులు ముందుకు జరిపి ముక్కనుమ నాడు పెట్టాం. పండక్కి వచ్చిన చుట్టాలు ఆదివారం పొద్దున్నే తిరుగు ప్రయాణం. అమ్మ నాలుగు రోజులు అరిసెల పొయ్యి దగ్గరే ఉంది, నిద్ర కూడా తక్కువే. అది కూడా నోటుబుక్కులో రాశా.

అమ్మ:
విని చెప్పడం, అబ్బాయి చదివితే: 4 నుంచి 8.
అట్టలు చూసి చెప్పడం: 8, 7 ఉండేవి. 23, 24 వారాల్లో 8, 9.
వెనక అంకెలు: 3, అంతే.
ఆరు నిమిషాల నడక: 290 నుంచి 352 మీటర్లు.
చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేవడం, 30 క్షణాల్లో: ఫిజియో మొదట చూసినప్పుడు 6, ఇప్పుడు 11.

నేను:
విని చెప్పడం: 8 నుంచి 9.
వెనక అంకెలు: 5, అంతే.
ఆరు నిమిషాల నడక: 510 నుంచి 575.
చీటీలు: 10లో 7.
కాయిళ్లు: 20లో కలవనివి 2.

అమ్మ మొదటి వరసను మాత్రమే ఎవరికైనా చూపిస్తే, 24 వారాల్లో జ్ఞాపకశక్తి రెట్టింపు అయిందంటారు. అలా చెప్పుకుంటే అది అబద్ధం. ఆ నాలుగు మాటల్లో ఎక్కువ భాగం చెవిది. అట్టల వరసే జ్ఞాపకం వరస. అక్కడ సగటున ఒక్క మాట పెరిగింది, అది కూడా వారం వారం వచ్చే ఊగిసలాటలో కలిసిపోయేంత. కాళ్ల బలం మాత్రం ఏ పరీక్షకుడు చదివినా పెరిగింది.

అమ్మ ఇప్పుడు వారానికి 150 నిమిషాలు నడుస్తోంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లకు కనీసంగా చెప్పే కొలత అది. 65 దాటినవాళ్లు వారానికి మూడు రోజులు తూలకుండా నిలబడే వ్యాయామాలు కూడా చేయాలని వాళ్లే చెప్పారు. అది మేం చేయలేదు. 25వ వారం నుంచి గోడ పక్కన ఒంటికాలి మీద నిలబడటం కలుపుతున్నాం.

మళ్లీ మొదలుపెట్టాల్సి వస్తే ఈ వరసలో చేస్తా: డాక్టరు, మందుల డబ్బా మొత్తం ఆయన ముందు బోర్లించడం, చెవి పరీక్ష, కంటి పరీక్ష, ఆ తర్వాత అట్టల పరీక్ష, అప్పుడు నడక. ఆడియోగ్రామ్ 12వ వారం దాకా ఆగింది నా వల్లే. అంతకుముందు ఎన్నేళ్లు ఆగిందో లెక్కే లేదు.

నడక మొత్తం: అమ్మ 2,435 నిమిషాలు, నేను 3,480.
ఖర్చు: మిషను బ్యాటరీలు 360. మొత్తం రూ. 43,749.

ముక్కనుమ నాటి జాబితా మా ఆవిడ రాసింది. అందులో ఐదో మాట సంచి, పన్నెండో మాట కంచి. నాకు చెప్పలేదు, అబ్బాయికీ చెప్పలేదు. 20 నిమిషాలయ్యాక అమ్మ వేళ్లు ముడుస్తూ ఒక్కొక్కటీ చెప్పుకుంటూ పోయింది. ఆరోది సంచి. ఏడోది కంచి. అబ్బాయి పెన్ను ఆపి వాళ్లమ్మ వైపు చూశాడు.

"రెండూ ఉన్నాయిరా," అంది అమ్మ. "రెండూ విన్నా. రాసుకో."